పేరు తానే చెప్పుకున్న సుబ్బరత్నమ్మ

ఓర్వకల్లు రాతిగుట్టల వెనక, పొద్దెక్కితే బండ మీద బెల్లం కరిగే ఊరు బండమీదిపల్లె. ఆ ఊర్లో గడ్డమీదోళ్ళ కోడలు సుబ్బరత్నమ్మ. ఆమెకు చదువు లేదు, పదవి లేదు. చావిడి ముందునుంచి పోవాల్సివస్తే కొంగు నిండుగా కప్పుకొని గోడవారగా పోయే మనిషి. అయినా ఆ ఊర్లో పదిమందీ కలిసి చేయాల్సిన పని ఏదైనా వచ్చిపడితే ముసలోళ్ళు ఈ పొద్దుకూ ఆమె పేరే ఎత్తుతారు. ఎందుకెత్తుతారో తెలియాలంటే నందన సంవత్సరం ఎండాకాలానికి పోవాలి.

పేరుకు నందన. అంతకు ముందు ఏండ్లూ వాన మొగం చాటేసింది, ఆ ఏడు పూర్తిగా మరిచేపోయింది. బావుల్లో బురద ఎండి పెళ్ళలు లేచింది. మగవాళ్ళు బతికున్న ఎద్దులను తోలుకొని గడ్డికోసం నల్లమల అడవికి పోయారు. సుబ్బరత్నమ్మ మొగుడు శేషారెడ్డి కూడా కొడుకును వెంటబెట్టుకొని వాళ్ళతోనే పోయాడు. ఇంట్లో ఆమే, అత్త తిరుపతమ్మే మిగిలారు. జొన్నలు దాచుకునే పాతర ఊడ్చినట్టు ఖాళీ అయింది.

అప్పుడే సర్కారు చావిడి పక్కన గంజి కేంద్రం పెట్టించింది. రెండు పెద్ద రాగి కొప్పెరలు దిగాయి, జొన్న నూక మూటలు దిగాయి. కమిటీ పెద్దగా ఓబుళరెడ్డిని నిలబెట్టారు. ఆయన చేయి శుద్ధమైన మనిషి. సర్కారు నూకలో గుప్పెడు తన ఇంటికి చేర్చిన పాపాన పోలేదు. అయితే ఆయన మెడలో ఒక ఈల, చేతిలో ఒక వెదురు కట్టె ఉండేవి. వరస తప్పినవాడికి గంజి లేదు. ఒకడే రెండుసార్లు రాకుండా ఉండాలని, ఇంటిపేరుతో సహా ఒక్కొక్కరినీ గొంతెత్తి పిలిచేవాడు. కాగితం అక్కరలేదు, ఊరంతా ఆయన నోట్లోనే ఉండేది.

కూలీనాలీ చేసుకునేవాళ్ళకు ఆ పిలుపు కొత్తేం కాదు. కాపుదనపు ఇండ్లకు మాత్రం అది చెంపదెబ్బలా తగిలింది. పక్కింటి కృష్ణవేణమ్మ ఒకసారి పిల్లలను వెంటబెట్టుకొని, మొగం కొంగులో దాచుకొని వచ్చింది.

"దిగువింటి కృష్ణవేణమ్మా! రా మే, ముందుకు రా! పిల్లోళ్ళను దాచిపెడితే నాకు లెక్క యాడ తెలుస్తాది?" అని ఓబుళరెడ్డి కట్టె నేలకు తట్టాడు.

ఊరి బయటి వాడ జనం, ఊరి జనం అందరూ తిరిగి చూశారు. ఒకప్పుడు ఆ దిగువింటి వాకిట్లో కూలి జొన్నలు కొలిపించుకున్నవాళ్ళు కూడా చూశారు. కృష్ణవేణమ్మ గిన్నె అక్కడే పెట్టి, పిల్లల రెక్కలు పట్టుకొని వెనక్కి తిరిగింది. మళ్ళీ రాలేదు. ఆమెను చూసి మరికొన్ని ఇండ్లు రావడం మానుకున్నాయి.

సుబ్బరత్నమ్మకు ఆ కేంద్రంలో గంజి కలబెట్టి పోసే పని. పుణ్యానికి చేస్తోందని ఊరు అనుకున్నా, దానికి కూలిగా ఒక చెంబెడు గంజి ఇంటికి తీసుకుపోవచ్చు. ఆ చెంబును ఆమె కొంగు కింద పెట్టుకొని తెచ్చి, మంచం మీదున్న అత్తకు పోసేది.

"యాడిది మే ఇది?" అనేది తిరుపతమ్మ.

"మన పాతరదే అత్తా. అడుగున ఇంకా కొంచెం ఉండాది."

ముసలామె తాగేది. ఆమె మిగిల్చిన అడుగే కోడలికి ఆ పూట భోజనం.

పొద్దున మిద్దె ఎక్కితే సుబ్బరత్నమ్మకు ఊరి గుట్టంతా కనిపించేది. ప్రతి మిద్దె కప్పుమీది గవాచిలోంచీ పొగ లేస్తూ ఉండేది. చూసేవాడికి ఊరంతా చల్లగా వండుకుంటున్నట్టే. అయితే వండే ఆడదాన్ని ఆ పొగ మోసం చేయలేదు. పొయ్యి మీద కూడుంటే పొగ మొదట లేచి, మంట అందుకున్నాక తగ్గుతుంది. ఆ పొగ తగ్గేది కాదు. పచ్చి తుమ్మకొమ్మ తోసి, ఒట్టి నీళ్ళ కుండ పెట్టి, ఇరుగుపొరుగు చూడాలని రేపుతున్న పొగ అది. ఆమెకెట్లా తెలుసంటారా? ఆమె చేస్తున్నదీ అదే.

ఒక బేస్తవారం రెవెన్యూ ఇన్‌స్పెక్టరు జీపులో వచ్చాడు. పలచబడిన వరసను చూశాడు, తలెత్తి మిద్దెల మీద పొగలను చూశాడు.

"ఏం రెడ్డీ, ఊర్లో అన్ని పొయ్యిలూ మండుతున్నాయే! ఇక్కడ తాగేవాళ్ళు పలచబడ్డారు. అవతల ఊర్లలో జనం కొట్టుకుంటున్నారు. వచ్చే బేస్తవారం దాకా చూస్తాను. ఇట్లాగే ఉంటే కొప్పెరలు ఎత్తిస్తాను."

"మీ దయ సార్," అన్నాడు ఓబుళరెడ్డి. కొప్పెర దగ్గర తెడ్డు పట్టుకున్న సుబ్బరత్నమ్మ చేయి ఆగిపోయింది. కొప్పెరలు పోతే వాన పడేదాకా ఈ ఊరు నిలవదు. ముందు పోయేది తన ఇంట్లో మంచం మీదున్న ప్రాణమే.

జీపు పోయాక ఆమె ధైర్యం చేసి ఓబుళరెడ్డి దగ్గరికి పోయింది. వరసకు ఆయన మామ అవుతాడు.

"మామా, ఒక మాట. ఆ పేర్లు పిలిచేది మానుకుంటే జనం వస్తారు."

"పిలవకపోతే ఒక్కొక్కడు మూడు మాట్లు వస్తాడు. గంజి చాలక కడాన కూర్చున్నోడు ఎండిపోతాడు. వాడి పాపం నువ్వు మోస్తావా?"

"సిగ్గుతో ఇండ్లల్లో ఎండేటోళ్ళ పాపమో?"

"ఆకలి నిజమైతే సిగ్గుండదు మే! పో, అడుగంటుతాండాది చూడు."

ఆయన మాటలో అన్యాయం లేదు, అదే తిప్పలు. న్యాయంగా చేస్తున్న పని వల్లే జనం చస్తుంటే ఎవరితో పోట్లాడాలి?

ఇక సుబ్బరత్నమ్మ తనకు తోచిన తోవ పట్టింది. మర్యాదస్తులను మర్యాదగానే బతికించాలనుకుంది. మధ్యాహ్నం అందరూ కునికేవేళ, మజ్జిగ ముంతలో కొప్పెర గంజి పోసి, మీద ఆకు కప్పి, దొడ్డి తలుపులోంచి కృష్ణవేణమ్మ ఇంటికి పోయింది.

కృష్ణవేణమ్మ ముంత అందుకొని ఏడ్చింది. "నీ కడుపు చల్లగుండ అక్కా. ఎవురికీ చెప్పొద్దు."

రెండో పొద్దు ఇంకో దొడ్డి తలుపు. తర్వాత మరొకటి. ముంత పెద్దదైంది. కృష్ణవేణమ్మ కూడా తేరుకొని, "ఇంత ఆలస్యమైతే ఎట్లక్కా? పిల్లోళ్ళు ఓర్చుకోలేకుండారు," అనసాగింది. అంతటితో ఆగితే బాగుండు. ఊర్లో గోడలకు చెవులే కాదు, ముక్కులు కూడా ఉంటాయి. దొడ్డిదారిన గంజి నడుస్తోందని వాసన తగిలిన ఇండ్లు కొన్ని, అంతవరకూ సిగ్గు చంపుకొని వరసలో కూర్చున్నవి, లేచిపోయి తమ దొడ్డి తలుపులు తీసిపెట్టుకున్నాయి. మర్యాద దొరుకుతుంటే ఎండలో ఎవరు కూర్చుంటారు? ఊరివాళ్ళ వరస మరీ సన్నబడింది. వాడవాళ్ళ వరసకు గంజి అందీ అందకుండా అయింది.

కేంద్రానికి కట్టెలు కొట్టేది వాడలో లేవి. నడివయసు మనిషి, మాట నెమ్మది. ఆ సాయంత్రం గొడ్డలి పక్కన పెట్టి, ఆమెకు కొంచెం దూరంగా నిలబడ్డాడు.

"అమ్మా, ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు."

"అడుగప్పా."

"ఈ పొద్దు మా వరసలో కడాన కూర్చున్నోళ్ళకు నీళ్ళు దప్ప నూక తగల్లేదు. నూక యాడికి పోతాండాదో నేను చూసినా. తప్పనను. ఆడ కూడా పిల్లోళ్ళు ఉండారు. మా ఆకలికి తలుపుల్లేవు తల్లీ, అందుకని ఎండలో కూర్చుంటాండాది. మీ ఆకలి తలుపేసుకొని ఇంట్లో కూర్చుంటాండాది. జీపులో వచ్చే సారు దేన్ని చూస్తాడు చెప్పు? కొప్పెర పోతే రెండూ చస్తాయి గదా."

లేవి గొడ్డలి భుజాన వేసుకొని, "నా పెండ్లాం సారమ్మ నిన్ను తిడతాండాది. తిట్టు గానీ ఆ తల్లి మంచిదే అని చెప్పినాలే," అని చిన్నగా నవ్వి పోయాడు.

సుబ్బరత్నమ్మ కొప్పెర పక్కనే కూలబడింది. తను చేసిందేమిటో అప్పుడు కళ్ళకు కట్టింది. మిద్దె మీద దొంగపొగ రేపినట్టే, దొడ్డిదారిన దొంగగంజి పోసింది. సర్కారుకు కనపడని ఆకలి సర్కారుకు లేనట్టే లెక్క. దాన్ని దాచిపెట్టే పని తనే భుజాన వేసుకుంది. మరుసటి దినం వరసలో కూర్చోమని ఎవరికి చెప్పాలన్నా నోరు రాలేదు. తను కూర్చోకుండా ఆ వరసలో ఇంకొకరిని కూర్చోమనడానికి నోరెట్లా వస్తుంది?

తెల్లారింది. గంజి ఉడికింది. ఓబుళరెడ్డి ఈల ఊదాడు. వాడ వరస, దానికి కాస్త ఎడంగా ఊరి వరస కూర్చున్నాయి. ఊరి వరసలో ఇంకా ఎంతో మందికి చోటుంది. ఆయన మొదటి పేరు పిలవబోయేసరికి సుబ్బరత్నమ్మ తెడ్డును కొప్పెర అంచుకు ఆనించి, తన సత్తుగిన్నె తీసుకొని నడిచింది. ఊరి వరస మొదట్లో కాదు, కడాన, వాడ వరస మొదలయ్యేచోట సారమ్మ పక్కన చతికిలబడింది.

"ఏందే అమ్మీ, యాడ కూర్చుంటాండావు? కలబెట్టేదెవురు?" అన్నాడు ఓబుళరెడ్డి.

"నా పేరు నువ్వు పిలవొద్దు మామా. నేనే చెప్పుకుంటా." ఆమె గిన్నె ముందుకు జరిపింది. "గడ్డమీదోళ్ళ కోడల్ని, సుబ్బరత్నమ్మను. మా పాతర ఎండిపోయి శానా కాలమాయె. మా మిద్దె మీద లేచేది ఒట్టి పొగ. మా అత్తా నేనూ ఈ గంజితోనే బతుకుతాండాం. ఇన్నాళ్ళూ దాచిపెట్టినా. ఇప్పుడు ఆకలయితాండాది, పొయ్యండి."

సారమ్మ పక్కకు జరగబోయి, జరగకుండా ఆగింది.

"రెడ్డెమ్మ ఈడ కూర్చుంటే మేం యాడ కూర్చోవాల?" అని వెనక ఒక ముసలామె గొణిగింది.

"నువ్వు కూర్చున్నచోటే కూర్చో అవ్వా. నేను నిన్ను లెమ్మన్న్యానా?" అంది సుబ్బరత్నమ్మ. ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు.

గంజి పోసే మనిషే వరసలో కూర్చుంటే పోసేదెవరు? ఓబుళరెడ్డి అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేవలేదు. చేతిలో కట్టె ఉంటే తెడ్డు పట్టలేడు. కట్టెను గోడకు చేర్చి, పంచె ఎగ్గట్టుకొని, ఆ పెద్దమనిషి జన్మలో మొదటిసారి తెడ్డు పట్టుకున్నాడు. సగం గంజి ఆమె గిన్నెలో, సగం ఆమె చేతిమీద పడింది. కాలినా ఆమె కిక్కురుమనలేదు. అందరూ చూస్తుండగా తాగింది. తర్వాత లేచి, గిన్నె కడిగి, ఆయన చేతిలోంచి తెడ్డు తీసుకుంది.

"తాగినోళ్ళం పోస్తాం మామా. నువ్వు చూసుకో, సాలు. పేర్లు ఎవురివి వాళ్ళం చెప్పుకుంటాం."

ఓబుళరెడ్డి చేతికంటిన గంజి పంచెకు తుడుచుకున్నాడు. "మోసం జరిగితే?"

"తన నోటితో తన ఇంటి పేరు చెప్పుకొని, పక్కనోని గిన్నెలో పోసినోడు రెండో మాటు ఎట్లొస్తాడు? వస్తే నీ ఈల ఉండనే ఉండాది."

ఆ దినం ఇంకెవరూ కొత్తగా రాలేదు. మరునాడు ఒక ఇల్లు వచ్చింది. ఆ తర్వాత కృష్ణవేణమ్మ పిల్లలను తోలుకొని వచ్చి, "దొడ్డి తలుపు మూసేస్తివి, చంపేస్తివి గదక్కా," అని గొణుక్కుంటూ కూర్చుంది. తన వంతు వచ్చినప్పుడు ఆమె పేరు చెప్పిన గొంతు పక్కవాడికే వినపడలేదు. సుబ్బరత్నమ్మ గట్టిగా చెప్పమనలేదు. ఓబుళరెడ్డి కూడా అనలేదు. సుబ్బరత్నమ్మ కలబెడితే, ఏ వరసకు ఆ వరసవాళ్ళే వంతులవారీగా పోసుకునేవాళ్ళు. కట్టె ఆ గోడకే ఉండిపోయింది.

అయితే ఊరిని కూర్చోబెట్టిన ఆ మాట ఇంట్లో ఒక ప్రాణాన్ని గంజి ముందునుంచి లేపేసింది. తను వరసలో కూర్చున్న ఆ పొద్దే సుబ్బరత్నమ్మ ఇంటికి వచ్చేసరికి తిరుపతమ్మ మంచం మీద లేచి కూర్చొని ఉంది. చావిడిలో అన్న మాట ఆమె చెవిన అప్పటికే పడింది.

"మన ఇంటి పేరు చెప్పినావంట."

"చెప్పినా అత్తా." సుబ్బరత్నమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. "నీకు అబద్ధం చెప్పి తాపినా. పాతర గంజి కాదు అది."

"నాకు తెలీదనుకుంటివా?" ముసలామె గొంతులో కోపం లేదు, సుబ్బరత్నమ్మకు అదే భయమేసింది. "పాతర జొన్నకు ఒక వాసన ఉంటాది. ఈ ఇంటికి కాపురానికి వచ్చినప్పటినుంచీ తింటాండా. ఆ వాసన లేని గంజి నువ్వు తెచ్చిన మొదటి పొద్దే తెలిసె. తెలిసే తాగినా. నువ్వు కడుపులో పెట్టుకుంటే నేనూ కడుపులో పెట్టుకున్న్యా. ఇప్పుడు ఊరికంతా చెప్తివి. ఇంక నా నోట్లో దిగదు."

"ఊరు బతకాల గదత్తా."

"బతకనీ. వద్దన్న్యానా? నేను నిన్ను తిట్టేది లేదు. నువ్వు చేసింది ధర్మమే అయ్యుంటాది. కానీ నాది వేరే కాలం. నన్నిడిసిపెట్టు."

ఆ తర్వాత ఆమె చింతచిగురు వేసి కాచిన నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. సుబ్బరత్నమ్మ బతిమాలింది, ఏడ్చింది, ఒకసారి కోపంతో గిన్నె నేలకేసి కొట్టింది. కావాలంటే వరస మానేస్తానని నోటిదాకా వచ్చింది. ఆ మాట వస్తే ముసలామె తాగుతుందేమో. కానీ తను లేస్తే కృష్ణవేణమ్మ లేస్తుంది, ఆమె లేస్తే అందరూ లేస్తారు. మాట మింగేసింది. ఓబుళరెడ్డి కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "అక్కా, నేనూ అదే గంజి తాగుతాండా ఇప్పుడు. నా ఇంట్లోనూ పొగే," అన్నాడు. తిరుపతమ్మ ఆయన్ను చూసి, "కూర్చో నాయనా, చిక్కిపోతివే," అంది. గంజి మాత్రం వద్దంది.

బేస్తవారం జీపు వచ్చింది. వరస చావిడి మలుపు తిరిగి పోయింది. ఇన్‌స్పెక్టరుకు అనుమానం తగిలింది.

"పోయిన వారం లేనివాళ్ళు ఈ వారం ఎక్కణ్ణుంచి వచ్చారు? పక్క ఊరివాళ్ళను తెచ్చి కూర్చోబెట్టావా రెడ్డీ?"

ఓబుళరెడ్డి నోరు తెరిచేలోపే లేవి లేచి తన పేరు చెప్పాడు. సారమ్మ చెప్పింది. ఒకరి తర్వాత ఒకరు ఇంటిపేరు, తమ పేరు, తమ పొయ్యి మీద ఏముందో చెప్పుకుంటూ పోయారు. కృష్ణవేణమ్మ లేచి, "దిగువింటోళ్ళం సార్. కావాలంటే వచ్చి మా కుండ మూత తీసి చూడండి, నీళ్ళు మసలుతా ఉంటాయి. వాసనైనా పీల్చుకొని పోదురు," అంది, ఈసారి చావిడి అవతలికి కూడా వినపడేలా. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేతిలో పట్టుకొని, మిగతావాళ్ళ పేర్లు అడగకుండానే వెళ్ళిపోయాడు. కొప్పెరలు నిలిచాయి.

ఆ వార్త చెప్పడానికి సుబ్బరత్నమ్మ పరుగున ఇంటికి వచ్చింది. తిరుపతమ్మ విని తల ఆడించింది. "మంచిదే," అంది. తర్వాత కొన్నాళ్ళకు, మబ్బులు దక్షిణాన పొడగట్టిన పూట, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయింది. నల్లమలకు కబురు పోయి కొడుకు శేషారెడ్డి వచ్చేదాకా ఆ ఎండలో ఉంచలేక దాయాదుల్లో ఒకడు కొరివి పెట్టాడు. "ఊరికి గంజి పోసి అత్తను చంపుకున్న్యాది," అని కాటినుంచి వచ్చి వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూ ఒకరన్నారు. సుబ్బరత్నమ్మ విన్నది. ఆమె కంట్లో ఒక్క చుక్క రాలేదు.

ఇంట్లో మైల. పెద్దకర్మ అయ్యేదాకా ఆమె గడప దాటకూడదు, కొప్పెర ముట్టకూడదు. మరుసటి పొద్దు గుంజకు ఆనుకొని చావిడి వైపే చెవి పెట్టింది. తను లేకపోతే పొయ్యి ఎవరు రాజేస్తారు? వరస కూర్చుంటుందా, ఎవరికి వాళ్ళు ఇండ్లల్లో దూరుతారా? ఎవరైనా వచ్చి ఏం చేయాలని అడుగుతారని చూసింది. ఎవరూ రాలేదు. పొద్దు నడినెత్తికి వచ్చాక కృష్ణవేణమ్మ వచ్చి గడప అవతల కూర్చుంది.

"ఏమాయె మే? గంజి కాచిరా?" అంది సుబ్బరత్నమ్మ.

"నువ్వు లేకపోతే ఊరు పస్తుంటాదనుకుంటివా? కాచిరి. మాడింది."

"ఎవురు కలబెట్టిరి?"

కృష్ణవేణమ్మ కాసేపు కొంగు కొస మెలిపెట్టింది. "వంతు సారమ్మది. మొగుడు కట్టెలేస్తాంటే ఆమే కలబెట్టింది, ఆమే పోసింది. మా గిన్నెల్లో కూడా."

సుబ్బరత్నమ్మ నిటారుగా కూర్చుంది. వాడ మనిషి చేతి గంజి ఊరి వరసలో పోయడమంటే ఆ ఊరు పుట్టినప్పటినుంచీ లేని ముచ్చట. తను కూడా అంతదూరం అనుకోలేదు. అడిగే ధైర్యం చాలక, అడక్కుండా ఉండలేక, "ఎవురూ ఏమీ అనలేదా?" అంది.

"ఎందుకనలేదు? శానా అన్న్యారు. మా చిన్నాయనైతే గిన్నె ఎత్తుకొని లేచి నిలబడె."

"మరి?"

"నిలబడే తాగె. అందరూ అనుకుంటానే తాగిరి అక్కా."

అప్పుడు సుబ్బరత్నమ్మ గుంజకు తల ఆనించి, అత్త పేరు పెట్టి గొంతెత్తి ఏడ్చింది. కృష్ణవేణమ్మ మైల సంగతి మరిచి గడప దాటి లోపలికి వచ్చింది.